పల్లె చర్చి, పాత పొలం, ఒక హత్య: దయ్యాలను వెళ్లగొట్టే మహిళా ప్రీస్టు నాయికగా అపరాధ పరిశోధక నవల రాయడం ఎలా

ఇంగ్లండు పల్లెసీమలో ఒక చిన్న చర్చికి వికార్‌గా, అంటే ఆ ఊరి ప్రీస్టుగా ఉంటూ, బిషప్ అనుమతితో దయ్యాల బాధను తొలగించే పని కూడా చూసుకునే స్త్రీని నాయికగా పెట్టి అపరాధ పరిశోధక నవల రాయాలనుకునే తెలుగు రచయితల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ తరహా నవలలను ఏళ్ల తరబడి ఇష్టంగా చదివాను, రాయడానికి ప్రయత్నమూ చేశాను. నా మొదటి రాతప్రతిలో చనిపోయిన మనిషి ఆత్మే వచ్చి హంతకుడి పేరు చెప్పింది. చదివి పెట్టమని ఇచ్చిన మిత్రురాలు ఆ పేజీ దగ్గరే కాగితాలు పక్కన పెట్టి, "అయితే ఇంతసేపూ పోలీసులు ఎందుకు తిరిగినట్టు?" అని అడిగింది. ఆమె అడిగినదానికి సమాధానం వెతుక్కుంటూ ఆ ప్రతిని మొదటి నుంచి తిరగరాశాను. నాకు తేలినది ఇది. నేరం మనిషే చేయాలి, మనిషే ఛేదించాలి, ఛేదనకు పనికివచ్చే ప్రతి ఆధారమూ కోర్టులో నిలబడగలగాలి. అతీంద్రియమైనది అదే ఇంట్లో, అదే రాత్రి, నేరానికి ఆనుకొని నడవాలి, కేసు మూతపడిన తరువాత కూడా అందులో కొంత మిగిలి ఉండాలి. ఈ రెండు దారాలనూ విడివిడిగా పేనుకోగలిగితే, ముడి ఎక్కడ వేయాలో కథే చూపిస్తుంది.

ముందు నాయిక ఉద్యోగాన్ని సరిగ్గా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ తరహా నవలల్లో ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో దయ్యాన్ని వెళ్లగొట్టడం ఎవరికి తోచినట్టు వారు చేసే పని కాదు. 1603లో కూర్చి, మరుసటి సంవత్సరం ప్రకటించిన చర్చి శాసనాలలో 72వది, బిషప్ లైసెన్సు లేకుండా ఏ చర్చి గురువూ ఉపవాస ప్రార్థనలతో దయ్యాలను వెళ్లగొట్టడానికి పూనుకోరాదని కట్టడి చేసింది. ఆధునిక కాలంలో ఎక్సెటర్ బిషప్ రాబర్ట్ మార్టిమర్ 1963లో ఏర్పరచిన సంఘం ఈ విషయాన్ని పరిశీలించి, 1972లో నివేదిక వెలువరించింది. ప్రతి డయాసిస్‌లోనూ, అంటే ఒక బిషప్ పరిధిలోని ప్రాంతంలోనూ, శిక్షణ పొందిన ఒక గురువు ఈ పనికి ఉండాలన్న ఆలోచన దానితో బలపడింది.

తరువాత 1974 అక్టోబరులో యార్క్‌షైర్‌లోని ఒసెట్ పట్టణంలో ఒక ఘోరం జరిగింది. ఒక వ్యక్తికి దయ్యం పట్టిందని నమ్మి, రాత్రంతా ప్రార్థనలు జరిపి తెల్లవారుజామున ఇంటికి పంపారు. కొద్ది గంటలలోనే అతను భార్యను చంపాడు. మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని కనుక అతను దోషి కాడని కోర్టు తేల్చింది. మరుసటి సంవత్సరం, 1975లో, బిషప్పులు మార్గదర్శకాలు విడుదల చేశారు. ఈ పరిచర్య వైద్యుల సహకారంతో సాగాలి, ప్రార్థన, సంస్కారాల చట్రంలోనే జరగాలి, సాధ్యమైనంత తక్కువ ప్రచారంతో ముగియాలి, బిషప్ అధికారమిచ్చిన అనుభవజ్ఞులే చేపట్టాలి, ఆ తరువాత కూడా ఆ మనిషిని కనిపెట్టుకొని ఉండాలి. ఈ అయిదు నియమాలనూ రచయిత తన బల్ల ఎదుట గోడకు అంటించుకోవాలని నా అభిప్రాయం. ప్రతి నియమమూ మీ నాయికకు ఒక అడ్డంకి, ప్రతి అడ్డంకీ ఒక ప్రకరణం. పత్రికా విలేఖరి గేటు దగ్గర నిలబడితే ప్రచారం కూడదన్న నియమానికి ముప్పు వస్తుంది. మానసిక వైద్యుడు ఫోను ఎత్తకపోతే, ఆమె ఆ రాత్రి ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో తేల్చుకోవలసి వస్తుంది.

ఈ పనికి చర్చిలో నేడు వాడుకలో ఉన్న 'డెలివరెన్స్ మినిస్ట్రీ' అన్న పేరుకు మన క్రైస్తవ తెలుగులో 'విడుదల పరిచర్య' అన్నది చక్కగా సరిపోతుంది. 'భూతవైద్యురాలు' అనే మాట వాడితే పాఠకుడి కళ్ల ముందు వేరే మనిషి, వేరే వేషం నిలబడతాయి. ఊళ్లో గిట్టనివారి నోట తప్ప ఆ మాట మీ కథనంలో రానివ్వకండి. అలాగే ఆ పనిలోని మెట్లు తెలుసుకోండి. చాలా పిలుపులకు ఇంటిని ఆశీర్వదించి, గదిగదికీ నడిచి ప్రార్థించి, పవిత్ర జలం చల్లడమే సరిపోతుంది. చనిపోయిన వ్యక్తి తాలూకు అశాంతి అనిపించినచోట ఆ ఇంట్లోనే వారి కోసం రొట్టె, ద్రాక్షారసాలతో ప్రభు భోజన సంస్కారం జరుపుతారు. 'దుష్టునినుండి మమ్మును తప్పించుము' అన్న ప్రభు ప్రార్థనలోని మాట వంటి విన్నపం ఆ తరువాతి మెట్టు. ఒక మనిషిలోంచి దురాత్మను పేరుపెట్టి ఆజ్ఞాపించి పంపివేసే పెద్ద కార్యం అరుదైనది, దానికి ప్రత్యేకంగా బిషప్ అనుమతి కావాలి. నవల మొత్తంలో ఆ పెద్ద కార్యం ఒక్కసారి జరిగినా ఎక్కువే. ఒక్కసారీ జరగకుండా, దాని అంచు దాకా వెళ్లి ఆగిపోయిన నవలలే నన్ను ఎక్కువగా వెంటాడాయి.

కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో మొదటి పేజీ రాయకముందే నిర్ణయించుకోండి. మహిళలను ప్రీస్టులుగా అంగీకరిస్తూ చర్చి సర్వసభ 1992 నవంబరు 11న ఓటు వేసింది. 1994 మార్చి 12న బ్రిస్టల్ కెథెడ్రల్‌లో 32 మంది స్త్రీలు తొలిసారిగా ప్రీస్టులుగా అభిషేకం పొందారు. తొలి మహిళా బిషప్‌గా లిబ్బీ లేన్ 2015 జనవరిలో యార్క్ మిన్‌స్టర్‌లో అభిషిక్తులయ్యారు. కథ 1990ల చివరలో జరిగితే, మీ నాయిక ఊరికి తొలి మహిళా ప్రీస్టు అయి ఉంటుంది. ఆమె చేతి మీదుగా రొట్టె తీసుకోవడానికి ఇష్టపడని ముసలి రైతు ముందువరుసలో చేతులు కట్టుకొని కూర్చుంటాడు. కథ 2020లలో జరిగితే ఆ వ్యతిరేకత మర్యాద చాటున దాక్కొని ఉంటుంది, ఆమె అసలు కష్టం మరోలా ఉంటుంది. నేటి పల్లె ప్రీస్టు ఒక్క చర్చిని కాదు, నాలుగయిదు చర్చిలనో అంతకంటే ఎక్కువో చూసుకోవాలి. ఆదివారం ఉదయం ఒకచోట ఆరాధన ముగించి, అంగీ కారు వెనుక సీటులో వేసుకొని, ఇరుకు దారుల్లో మరో ఊరికి పరుగెత్తాలి. పైకప్పు మరమ్మతుకు డబ్బు చాలదు, చర్చిలో గబ్బిలాలు కాపురం పెడితే చట్టం వాటిని కదిలించనివ్వదు, ప్యారిష్ మండలి సమావేశం రెండు గంటలు సాగుతుంది. ఈ అలసట మీద దయ్యాల పిలుపు వచ్చి పడాలి. ఆమె నిద్రలేమితో ఉంటే ఆమె చూసినదాన్ని పాఠకుడు పూర్తిగా నమ్మలేడు, పూర్తిగా కొట్టివేయనూ లేడు. మనకు కావలసింది ఆ స్థితే.

స్థలం విషయంలో నా సలహా ఒక్కటే: ఇంగ్లండు మొత్తాన్ని కాక ఒక చిన్న ముక్కను ఎంచుకోండి. వేల్స్ సరిహద్దున ఉన్న హెరిఫర్డ్‌షైర్ ఈ కథలకు అనువైనది. వై నది, ఆపిల్ తోటలు, ఆ చెట్ల కొమ్మల మీద గుత్తులుగా వేలాడే బదనిక, హాప్ తీగ పొలాలు, పడమట బ్లాక్ మౌంటెన్స్ అనే కొండల వరస, ఎనిమిదవ శతాబ్దంలో ఆఫా రాజు వేయించిన మట్టికట్ట అవశేషాలు అన్నీ అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. కిల్‌పెక్ అనే కుగ్రామంలోని పన్నెండవ శతాబ్దపు చర్చి బయటి గోడ మీద పాములు, మృగాలు, వికృతమైన మానవ రూపాలు చెక్కి ఉన్నాయి. హెరిఫర్డ్ కెథెడ్రల్‌లో 1300 ప్రాంతంలో ఒకే దూడ చర్మం మీద గీసిన ప్రపంచ పటం, గొలుసులతో బీరువాలకు కట్టిన పుస్తకాల గ్రంథాలయం ఉన్నాయి. సరళ రేఖలలో సాగే పురాతన మార్గాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ కూడా హెరిఫర్డ్ వాడే; 1921 జూన్ 30న ఆ ఆలోచన తనకు తట్టిందని ఆయన చెప్పాడు. ఇవన్నీ చూసి ఆశపడి అన్నింటినీ ఒకే నవలలో దింపకండి. ఒక్క చోటును ఎంచుకొని, అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుందనీ, లోయలో ఫోను సంకేతం అందదనీ, బస్సు దాదాపు లేదనీ గుర్తుపెట్టుకొని రాస్తే చాలు.

ఆ ప్రాంతపు జానపద గాథలు మీకు దొరికే అసలైన నిధి. ఎల్లా మేరీ లెదర్ అనే ఆవిడ పల్లెపల్లెకూ తిరిగి సేకరించి 1912లో ప్రచురించిన సంపుటంలో కింగ్టన్ దగ్గరి హెర్గెస్ట్ కోర్టు అనే పాత భవంతికి చెందిన వాన్ అనే ప్రభువు గాథ ఉంది. 1469లో యుద్ధంలో చనిపోయిన ఆ ప్రభువు దుష్టాత్మగా తిరిగివచ్చి ఊరిని పీడించగా, పన్నెండుమంది గురువులు పన్నెండు కొవ్వొత్తులతో చర్చిలో కూర్చొని, ఆత్మ చిన్నదై చిన్నదై ఒక నశ్యం డబ్బీలో ఇమిడేంత వరకు వాక్యం చదివారట; ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఆరిపోయినా, ఆ ఒక్కటి పట్టుకున్న గురువు మాత్రం చదవడం ఆపలేదట; ఆ డబ్బీని ఒక మడుగులో పెద్ద బండ కింద పాతిపెట్టారట. అప్పుడే పుట్టిన పసికందును ఎత్తుకున్న ఒక స్త్రీ కూడా ఆ రాత్రి అక్కడ ఉందని గాథ చెబుతుంది. ఈ గాథను పాత్రలలో ఒకరు పూర్తిగా చెప్పేస్తే అది సమాచారం అవుతుంది. మీ నాయిక ఒక్కతే ఒక గదిలో చదువుతూ, కొవ్వొత్తి రెపరెపలాడినప్పుడు మిగతా పదకొండుమందీ తనకు లేరని గుర్తుచేసుకుంటే అది కథ అవుతుంది.

పదిహేడవ శతాబ్దంలో జాన్ ఆబ్రే రాసిపెట్టిన పాపభోజి ఆచారమూ ఈ కౌంటీదే. శవం మీదుగా అందించిన రొట్టె, గిన్నెడు బీరు, ఆరు పెన్నీలు తీసుకొని, చనిపోయినవారి పాపాలను తాను మోస్తానని ఒక పేదవాడు ఒప్పుకునేవాడు. అలాగే హాథార్న్ ముళ్లకొమ్మలతో గుండ్రంగా అల్లిన గోళాన్ని ఏడాది పొడుగునా రైతు వంటింట్లో వేలాడదీసి, కొత్త సంవత్సరం తెల్లవారుజామున గోధుమ పొలంలో కాల్చి, కొత్తది అల్లుకునేవారు. అపరాధ కథ రాసేవారికి ఇందులో వెంటనే ఒక ప్రశ్న కనిపించాలి: ఆ మంటలో ముళ్లకొమ్మలతో పాటు ఇంకేమి కాలింది? ఆచారాన్ని భయపెట్టడానికి వాడవద్దు. ఎవరు ఎక్కడ, ఎన్ని గంటలకు ఉండి తీరాలో ఆచారమే చెబుతుంది కనుక, పోలీసు పట్టికలా వాడండి.

నేరపు పక్కకు వస్తే, ఆ సరిహద్దు చరిత్రలోనే ఒక పాఠం ఉంది. హే ఆన్ వై పట్టణంలో న్యాయవాదిగా పనిచేసిన హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య 1921 ఫిబ్రవరిలో చనిపోగా, జబ్బుతో పోయిందని నమ్మి ఆమెను దగ్గరలోని క్యూసప్ చర్చి సమాధుల తోటలో పాతిపెట్టారు. అదే ఏడాది ఒక తోటి న్యాయవాదికి విషప్రయోగం జరిగిందన్న అనుమానం మీద పోలీసులు కదిలారు. 1922 జనవరిలో సమాధి తవ్వి శవాన్ని బయటికి తీస్తే శరీరంలో ఆర్సెనిక్ బయటపడింది. తోటలో కలుపు మొక్కలను చంపడానికి కొన్నానని అతను చెప్పాడు. హెరిఫర్డ్‌లో విచారణ జరిగి, 1922 మే 31న గ్లౌస్టర్‌లో ఉరితీశారు. మంచుపట్టిన సమాధుల తోటలో, చర్చి గోడ పక్కనే, మట్టి లోంచి సాక్ష్యం పైకి వచ్చిన ఆ ఉదయాన్ని ఊహించుకోండి. మీ నాయిక లోకమూ పోలీసుల లోకమూ కలుసుకునేది సరిగ్గా అలాంటి చోటే. ప్రతిష్ఠించిన నేలలోంచి శవాన్ని మామూలుగా కదిలించాలంటే నేటికీ చర్చి న్యాయస్థానం అనుమతి పత్రం కావాలి. నేరం అనుమానమైతే కరోనర్, అంటే అసహజ మరణాలను విచారించే అధికారి, ఆదేశించవచ్చు. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు గొయ్యి పక్కన నిలబడి ప్రార్థన చేయవలసినది మీ నాయికే.

పోలీసు విధానాన్ని తేలికగా తీసుకోవద్దు. హెరిఫర్డ్‌షైర్ వెస్ట్ మెర్సియా పోలీసుల పరిధిలోకి వస్తుంది. 1984 నాటి చట్టం ప్రకారం నిందితుణ్ణి అభియోగం లేకుండా మామూలుగా 24 గంటలు, తీవ్రమైన నేరాలలో సూపరింటెండెంట్ అనుమతితో 36 గంటల వరకు, మేజిస్ట్రేటు అనుమతితో గరిష్ఠంగా 96 గంటలు నిర్బంధంలో ఉంచవచ్చు. మీ చివరి నాలుగు ప్రకరణాలకు ఇంతకు మించిన గడియారం దొరకదు. అసహజ మరణమైతే కరోనర్ విడుదల చేసేవరకు అంత్యక్రియలు జరగవు కనుక, నాయిక ఆ కుటుంబాన్ని వారాల తరబడి పదేపదే కలవడానికి న్యాయమైన కారణం ఉంటుంది. ఆమె చేత తాళాలు పగలగొట్టించి, రహస్యంగా ఫైళ్లు చదివించి డిటెక్టివ్‌ను చేయవలసిన పని లేదు. చావు జరిగిన ప్రతి ఇంట్లోకీ పిలిపించుకొని వెళ్లి, వంటింట్లో కూర్చొని వినగలిగే మనిషి ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే.

ఇప్పుడు ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరి వరకు అల్లి చూపిస్తాను. పశువుల పొలంలో ఒక రైతు పేడనీటి గోతి పక్కనున్న కొట్టంలో చనిపోయి కనిపించాడు. గోతిని యంత్రంతో కలియబెట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. తక్కువ మోతాదులో అది కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అంటే వాసన ఆగిపోయిన క్షణమే అసలు ప్రమాదం. బ్రిటన్‌లో ఈ కారణంగా రైతులు నిజంగానే చనిపోతున్నారు, కలియబెట్టడం మొదలైన తరువాత కనీసం అరగంట దూరంగా ఉండమని అధికారులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మన కథలో బుధవారం ఉదయం అతనే యంత్రం వేసి, తొందరపడి లోపలికి వెళ్లాడని అందరూ అనుకున్నారు. వాయువు వల్ల పోయాడని శవపరీక్ష చెబుతుంది. మీట నొక్కిన చేయి ఎవరిదో శవం చెప్పదు.

నెల తరువాత అతని భార్య వికార్‌ను పిలుస్తుంది. రాత్రి రెండు గంటలకు కొట్టంలో యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందని, వెళ్లి చూస్తే ఆగి ఉంటోందని చెబుతుంది. ఇక్కడ మీ నాయిక మొదటి పని ప్రార్థన కాకూడదు. నిద్ర ఎలా పడుతోంది, ఏ మందులు వాడుతున్నారు, బాయిలరును చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు అని ఆమె అడగాలి. కార్బన్ మోనాక్సైడ్ లీకైతే తలనొప్పి, భ్రమలు, ఎవరో ఉన్నారన్న అనుభూతి కలగవచ్చని ఈ పరిచర్యలో ఉన్నవారికి తెలిసి ఉండాలి. ఇలాంటి ప్రశ్నలు అడుగుతూ ఉండగా ఆమె కళ్లు కిటికీ గట్టు మీద పడతాయి. అక్కడ రేడియో పక్కన వారానికి ఏడు అరలున్న మాత్రల పెట్టె ఉంది. సోమవారం అర ఖాళీ. మంగళవారం మూత మూసే ఉంది, లోపల తెల్లటి నిద్రమాత్ర కనిపిస్తోంది. తరువాతి అరలలోనూ మాత్రలు అలాగే ఉన్నాయి, మూతల మీద సన్నటి దుమ్ము పొర పట్టింది. భర్త పోయినప్పటి నుంచి ఆ పెట్టె ముట్టలేదని ఆమె చెబుతుంది.

కథ తిరిగేది ఆ చిన్న ప్లాస్టిక్ మూత దగ్గరే. భర్త పోయిన బుధవారానికి ముందు, మంగళవారం రాత్రి కూడా ఆమె యంత్రపు చప్పుడు విన్నది, కానీ మాత్ర వేసుకున్న మత్తులో వచ్చిన కలేమో అనుకొని పోలీసులకు చెప్పలేదు. ఇప్పుడు చూస్తే ఆ రాత్రి ఆమె మాత్రే వేసుకోలేదు. యంత్రం తిరిగింది రాత్రి రెండింటికి అయితే, దానిని వేసింది భార్య పక్కన పడుకొని ఉన్న రైతు కాదు. దూడ అరుపు విని అతను లేచి వెళ్లేలా ఎవరో ఏర్పాటు చేశారు. అమ్మడానికి ఒప్పుకోని భూమి, వాటా కోసం తొందరపడుతున్న తమ్ముడు, విద్యుత్ మీటరులో గంటల వారీగా నమోదైన వాడకం వంటివన్నీ పోలీసులు తవ్వి తీయాలి. నాయిక చేసినది ఒక్కటే, దయ్యపు చప్పుడు అని ఆ స్త్రీ చెప్పినదాన్ని కొట్టివేయకుండా, సాక్షి చెప్పిన మాటలాగా శ్రద్ధగా వినడం. ఈ తరహా నవలలో ఆమెకు ఇవ్వదగిన అతి పెద్ద బలం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

హంతకుడి పక్క నుంచి ఆమె నోరు కట్టివేసే మార్గం కూడా ఒకటి ఉంది, దానిని జాగ్రత్తగా వాడుకోండి. 1603 నాటి శాసనాలలో 113వ దానికి చేర్చిన నిబంధన, పాపసంకీర్తనంలో, అంటే ఒకరు తన పాపాలను గురువు ముందు ఒప్పుకునే సంస్కారంలో, విన్న రహస్యాన్ని ఆ గురువు బయటపెట్టరాదని ఆదేశిస్తుంది, అది నేటికీ అమలులో ఉంది. వంటింటి బల్ల దగ్గర చెప్పిన మాటకు ఈ ముద్ర వర్తించదు, సంస్కారంగా జరిగిన పాపసంకీర్తనానికే వర్తిస్తుంది. తమ్ముడు ఒక సాయంత్రం చర్చికి వచ్చి, మోకాళ్లూని, నిజం చెప్పేస్తే ఆమె ఏమి చేయగలదు? పోలీసుల ముందు లొంగిపొమ్మని కోరగలదు, అలా చేసేవరకు పాపవిమోచన ప్రకటించకుండా ఆపగలదు, అంతే. డిటెక్టివ్ ఎదుట నిలబడి, తనకు తెలిసినదాన్ని చెప్పలేక, మాత్రల పెట్టె గురించి మాత్రం చెప్పగలిగే స్థితిలో ఆమెను పెట్టండి. అయితే పెట్టె విషయం ఆమె గమనించినది సంకీర్తనానికి ముందే అయి ఉండాలి. ఆ వరస తప్పితే మీ నాయిక మాట తప్పినదవుతుంది, నవల అక్కడే కూలిపోతుంది.

భాష గురించి తెలుగులో రాసేవారు ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇంగ్లీషు పల్లెలో ఒకే సర్వనామంతో సాగే సంభాషణకు మనం 'మీరు', 'నువ్వు' అనే రెండు గడపలు కట్టాలి. ఊరివారు ఆమెను 'వికార్' అని, చనువున్నవారు మొదటి పేరుతో పిలుస్తారు. అమ్మగారు, తల్లీ అనే పిలుపులు అతికిస్తే ఆ ఊరు ఆ ఊరు కాకుండా పోతుంది. డిటెక్టివూ ఆమే కథ సగం వరకు ఒకరినొకరు 'మీరు' అని పిలుచుకోవాలి. ఒకరి నోట 'నువ్వు' ఎప్పుడు వస్తుందో అదొక సంఘటన కావాలి. ప్రార్థనలకు తెలుగు బైబిలు భాషను యథాతథంగా వాడండి, ఎందుకంటే 'తప్పించుము' అన్న మాటలోని పాతదనమే ఆ గదికి గాంభీర్యం తెస్తుంది. చుట్టూ ఉన్న కథనం మాత్రం నేటి మాటల్లో, చల్లగా, వస్తువుల పేర్లతో సాగాలి. 'ఏదో భయంకరమైన ఉనికి' అని రాయాలనిపించిన ప్రతిసారీ ఆపి, ఆ గదిలో ఒక్క వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ లేదని రాయండి. దయ్యపు సన్నివేశాన్ని చివరిసారి దిద్దేటప్పుడు విశేషణాలన్నీ తీసివేసి చదివితే ఇంకా భయం వేస్తుందో లేదో చూసుకోవడం నాకు చాలా ఉపయోగపడింది.

ఇక మిగిలిపోవలసిన దానిని ఎక్కడ పెట్టాలన్నది. దానిని అరెస్టుకు ముందు పెడితే పాఠకుడు ఆధారమనుకుంటాడు, కనుక అరెస్టు జరిగి, అభియోగం నమోదై, రైతు శవాన్ని కరోనర్ విడుదల చేసి, అంత్యక్రియలు ముగిసిన తరువాతే పెట్టండి. మన ఉదాహరణలో యంత్రాన్ని పోలీసులు విప్పి తీసుకుపోయారు, గోతిని ఖాళీ చేశారు, కొట్టానికి కరెంటు లేదు. భార్య కోరిక మీద నాయిక అక్కడ ప్రభు భోజన సంస్కారం జరపడానికి వచ్చింది. జాగ్రత్త కోసం వాయువును కొలిచే చిన్న పరికరాన్ని నడుముకు తగిలించుకుంది. చదువుతూ ఉండగా సన్నగా కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది, క్రమంగా చిక్కబడింది, తరువాత ఒక్కసారిగా ఆగిపోయింది. ఆమె భార్య చేయి పట్టుకొని రెండడుగులు వెనక్కి వేసి, పరికరం వైపు చూసింది. దాని మీద సున్నా ఉంది. అప్పుడు ఆ భార్య, ఆశ్చర్యం ఏమాత్రం లేకుండా, "మీకూ వచ్చిందా?" అని అడగాలి. నాయిక జవాబు ఏమిటో రాయకుండా, ఆమె పుస్తకం తెరిచి ఆగిన వాక్యం దగ్గరి నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టిందని రాయండి.